పాఠశాల పాలకవర్గాన్ని దించే హక్కు ఎవరికుంది?



పాఠశాల పాలకవర్గం సరిగా నడవడం లేదని తల్లిదండ్రులు భావించినప్పుడు, గడువు తీరకముందే ఆ సభ్యులను పదవినుండి దించవచ్చునా? అమెరికాలోని అనేక రాష్ట్రాలలో దించవచ్చు. దానిని రీకాల్ అంటారు. మన పత్రికలు 'వెనక్కు పిలిచే హక్కు' అని వ్రాస్తూ వచ్చాయి. మరి మన నాందేడు జిల్లాలో? దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పలేము. మీ పిల్లవాడు ఏ బడిలో చదువుతున్నాడో దానిని బట్టి సమాధానం మారుతుంది. జిల్లా పరిషత్తు బడి అయితే ఒక విధము, తెలుగువారి సంఘం స్థాపించి నడిపే బడి అయితే మరొక విధము. విచిత్రమేమిటంటే, మనవారే నడిపే బడిలో తల్లిదండ్రులుగా మన చేతిలో ఉన్న అధికారం చాలా తక్కువ. ఈ స్థితి ఎట్లా ఏర్పడిందో తెలియాలంటే కొంత వెనక్కు వెళ్ళాలి.

నాందేడు జిల్లా 1948 వరకు నిజాం రాజ్యంలో ఉండినది. ఆ రాజ్యంలో 1884 నాటికి ఫారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలోనే మొదలైంది. దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన ప్రయోగంగా దానిని మెచ్చుకోవలసిందే. అయితే ఆ దేశభాష మరాఠీ, తెలుగు, కన్నడ పిల్లలలో అత్యధికులకు ఇంటి భాష కాదు. విద్యాశాఖ పైనుండి క్రిందికి నడిచే సర్కారు శాఖ. బడిలో ఏ భాష చెప్పాలో, ఎవరు పంతులుగా ఉండాలో నిర్ణయించే చోట తల్లిదండ్రికి కుర్చీ లేదు. కూర్చోబెట్టడానికే హక్కు లేనప్పుడు దించడమన్న ప్రశ్న పుట్టదు కదా!

అందువల్ల ఆనాటివారు వేరొక దారి పట్టారు. సర్కారు బడిని మార్చలేకపోతే తమ బడిని తామే పెట్టుకున్నారు. వాటినే ఖాంగీ బడులు అనేవారు. ఊరిలో నలుగురు చందాలు వేసుకొని, ఒక పంతులును కుదుర్చుకొని, అరుగుమీదనో గుడి మండపంలోనో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించేవారు. ఆ బడి మీద అజమాయిషీ చందా ఇచ్చినవారిది. పంతులు బాగా చెప్పకపోతే చందా ఆగిపోయేది. చట్టం అక్కరలేని రీకాల్ అని దానిని అనవచ్చునేమో! 1920వ దశకంలో నిజాం ప్రభుత్వం ముందస్తు అనుమతి లేనిదే ఖాంగీ బడులు తెరవరాదని ఆంక్ష పెట్టింది. దానితో ఆ దారి కూడా ఇరుకైపోయింది. ఆంధ్రోద్యమంలో ఈ ఆంక్ష మీద వచ్చినన్ని ఫిర్యాదులు తక్కువ విషయాల మీద వచ్చి ఉంటాయి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ మొదలు, 1937లో మన పొరుగునే నిజామాబాదులో జరిగిన సభ వరకు, మాతృభాషలో విద్య అన్నది చర్చకు వస్తూనే ఉండినది.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి. తెలుగువారందరికీ సగం తెలిసిన కథ ఇది. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. వివేకవర్ధిని మరాఠీ పెద్దలు నెలకొల్పిన విద్యాసంస్థ. సభకు అధ్యక్షులు పూనా నుండి వచ్చిన మహర్షి ధోండో కేశవ కర్వే. అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభికులలో కొందరు గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇంతవరకు అందరూ చెప్పుకుంటారు. తక్కువగా చెప్పుకునేది తరువాతి భాగం. ఆ సంఘానికి ప్రాణమైన మాడపాటి హనుమంతరావుగారు, వారి మిత్రులు 1928లో హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమ పాఠశాల తెరిచారు. ఉర్దూ మాధ్యమానికి కట్టుబడిన ఉస్మానియా ఆ పాఠశాలకు ఉపయోగపడలేదు. అప్పుడు దానిని గుర్తించి పరీక్షలకు దారి చూపినది పూనాలో కర్వేగారు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయమే. ఏ సభలో తెలుగు నోరు నొక్కబడిందో ఆ సభ అధ్యక్షుని సంస్థే తెలుగు బడికి ఆసరా అయింది. మరాఠీవారితో కలిసి బ్రదికే మనకు ఈ రెండవ భాగం కూడా గుర్తుండాలని నా కోరిక.

1948 సెప్టెంబరు 17న నిజాం పాలన ముగిసింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మన జిల్లాను భాషను చూసి కోశారు. దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబేర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ధర్మాబాదు ఇటు నిలిచింది. ఆదిలాబాదు జిల్లానుండి కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రానికి వచ్చాయి. గీత ఎంత జాగ్రత్తగా గీసినా ఇరుప్రక్కలా మనుషులు మిగిలిపోతారు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతాలలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు అట్లా మిగిలినవారే. 2011 జనగణనలో మహారాష్ట్ర మొత్తం మీద తెలుగు మాతృభాషగా చెప్పినవారు 13 లక్షలకు పైబడి ఉన్నారు.

అట్లా మిగిలిపోయినవారికోసమే రాజ్యాంగంలో 7వ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు చేర్చారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని మొదటిది చెబుతుంది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి రక్షణలను పరిశీలించే ప్రత్యేక అధికారి గురించి రెండవది. అంతకు ముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పడానికి పంతులును ఇవ్వాలి. ఉపాధ్యాయులకు ఈ 10, 40 సంఖ్యలు కంఠస్థమే.

ఈ రక్షణల స్వభావాన్ని గమనించండి. ఇవన్నీ అర్జీ పెట్టుకొనే హక్కులు. 40 మంది పిల్లల పేర్లు వ్రాసి, సంతకాలు చేసి, అధికారికి సమర్పించి, ఎదురుచూడాలి. అధికారి కదలకపోతే మరొక అర్జీ. నిర్ణయించే కుర్చీ మనది కాదు.

బొంబాయి రాష్ట్రంలో ఆ కుర్చీకి స్కూలు బోర్డు అనే పేరుండేది. అక్కడ ప్రాథమిక విద్యను స్థానిక సంస్థల చేతికి అప్పగించే ఏర్పాటు 1923 నాటి ప్రాథమిక విద్యా చట్టంతో బలపడింది. 1947లో మరొక చట్టం వచ్చి జిల్లా స్కూలు బోర్డులను, పురపాలక స్కూలు బోర్డులను పునర్వ్యవస్థీకరించింది. మనం 1956లో ఆ రాష్ట్రంలో చేరాము. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1961 నాటి జిల్లా పరిషత్తుల చట్టం 1962 మే 1న అమలులోకి వచ్చాక, గ్రామాల ప్రాథమిక విద్య జిల్లా పరిషత్తు విద్యా సమితి క్రిందికి పోయింది. బోర్డు అనండి, సమితి అనండి, అందులో సభ్యులను తల్లిదండ్రులు తల్లిదండ్రులుగా ఎన్నుకొనలేదు. ఓటరుగా జిల్లా పరిషత్తు సభ్యుని ఎన్నుకుంటాము. ఆయనను రోడ్డుకోసం, నీళ్ళకోసం, కులంకోసం, పార్టీకోసం ఎన్నుకుంటాము. బడి ఆ జాబితాలో ఎక్కడో అడుగున ఉంటుంది. అందులోనూ తెలుగు బోధన మరీ అడుగున. నాలుగు తాలూకాలలో చెదిరి ఉన్న తెలుగు ఓటు ఏ ఒక్క నియోజకవర్గంలోనూ విద్యా సమితిని వణికించగలది కాదు.

ఇప్పుడు మిమ్మల్ని కొంత దూరం తీసుకువెళ్ళాలి. తల్లిదండ్రులు నిజంగా స్కూలు బోర్డు సభ్యులను దించిన ఒక సందర్భాన్ని దగ్గరగా చూస్తే, మనకు లేనిదేమిటో స్పష్టమవుతుంది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ నగరం. 1957లో అక్కడి సెంట్రల్ హైస్కూలులో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు సైనికుల రక్షణలో తరగతులకు వెళ్ళిన సంగతి చదివే ఉంటారు. దాని తరువాత జరిగింది మనవారిలో చాలామందికి తెలియదు. మరుసటి సంవత్సరం, 1958 సెప్టెంబరులో, గవర్నరు ఓర్వల్ ఫాబస్ నగరంలోని నాలుగు ఉన్నత పాఠశాలలనూ మూయించాడు. తెల్లపిల్లలు, నల్లపిల్లలు ఒకే తరగతిలో కూర్చోవడం కంటే అందరూ ఇంట్లో కూర్చోవడమే మేలని ఆయన వాదం! సంవత్సరమంతా బడులు తెరుచుకోలేదు. ఉపాధ్యాయులు మాత్రం ఒప్పందం ప్రకారం రోజూ ఖాళీ తరగతులకు వెళ్ళి కూర్చునేవారు. అక్కడివారు దానిని 'పోగొట్టుకున్న సంవత్సరం' అని పిలుస్తారు.

ఆ ఏడాది డిసెంబరులో ఎన్నికైన కొత్త స్కూలు బోర్డులో ఆరుగురు సభ్యులు. ముగ్గురు జాతివివక్షకు గట్టి సమర్థకులు, ముగ్గురు మితవాదులు. 1959 మే 5న ఉపాధ్యాయుల ఒప్పందాల పునరుద్ధరణ చర్చకు వచ్చింది. ఏకాభిప్రాయం కుదరక మితవాదులు ముగ్గురూ సభనుండి లేచి వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురు సభను కొనసాగించి, 44 మంది ఉపాధ్యాయుల, ఉద్యోగుల ఒప్పందాలను పునరుద్ధరించరాదని నిర్ణయించారు. వారి నేరమల్లా జాతివివక్షకు అనుకూలంగా లేకపోవడం, లేదా లేరని అనుమానం కలగడం.

అంతవరకు నోరు విప్పని తల్లిదండ్రులు ఆ దెబ్బతో లేచారు. ఇది గమనింపదగిన విషయం. బడులు మూసినప్పుడు రానంత కోపం పంతుళ్ళను తీసేసినప్పుడు వచ్చింది. గవర్నరు, కోర్టు, రాజ్యాంగం అన్నవి దూరపు మాటలు. మన పిల్లకు లెక్కలు చెప్పిన టీచరమ్మ పేరు ఆ 44 మందిలో ఉందంటే అది ఇంటి మాట. తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘాలు వరుసగా సమావేశమై బోర్డు చర్యను ఖండించాయి. మూడు రోజులలో, మే 8న, ఒక పౌరసంఘం ఏర్పడింది. ఇంగ్లీషులో దాని పేరులోని తొలి అక్షరాలు కలిపితే 'స్టాప్' అని వస్తుంది. ఈ అన్యాయపు ఏరివేతను ఆపండి అని దాని అర్థం. దానికి వెన్నుదన్నుగా నిలిచినది, 1958 సెప్టెంబరులో అడొల్ఫీన్ ఫ్లెచర్ టెరీ మొదలైన తెల్లజాతి గృహిణులు బడులు తెరిపించడానికి స్థాపించిన మహిళా సంఘం. వారు అప్పటికే నగరంలో ఓటర్ల జాబితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన అనుభవం ఉన్నవారు. ముగ్గురు వివక్షావాదులను దించాలని సంతకాలు సేకరించారు.

ఎదుటిపక్షం ఊరకుండలేదు. వారూ ఒక సంఘం పెట్టి, మితవాదులు ముగ్గురినీ దించాలని తమ సంతకాలు తాము సేకరించారు. దానితో మే 25న ఆరుగురి పేర్లూ ఓటుకు వచ్చాయి. బోర్డు మొత్తాన్ని ఒకేసారి దించగల ఎన్నిక! ఫలితం స్వల్ప తేడాతోనే వచ్చింది. వివక్షావాదులు ముగ్గురూ పదవులు కోల్పోయారు, మితవాదులు ముగ్గురూ నిలిచారు. సంపన్న తెల్లవారి పేటల ఓట్లు, నల్లజాతివారి ఓట్లు ఒక వైపు పడటం వల్లనే అది సాధ్యమైంది. కొత్త బోర్డు ఆ ఉపాధ్యాయులలో చాలామందిని తిరిగి తీసుకుంది. ఆగస్టు 12న ఉన్నత పాఠశాలలు తెరుచుకున్నాయి. మే 5 నుండి మే 25 వరకు సరిగ్గా ఇరవై రోజులు.

రీకాల్ అనే ఆయుధం వారికి అప్పటికి కొత్తది కాదు. 1903లో లాస్ ఏంజెలస్ నగరం తన చట్టంలో దానిని చేర్చుకుంది. స్కూలు బోర్డులపై దాని ఇటీవలి పెద్ద ప్రయోగం 2022 ఫిబ్రవరి 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది. కోవిడ్ కాలంలో బడులు ఎక్కువకాలం మూసి ఉంచి, ఆ సమయంలోనే 44 పాఠశాలల పేర్లు మార్చే పనిలో బోర్డు మునిగి ఉందని తల్లిదండ్రులకు కోపం వచ్చింది. (ఈ 44 సంఖ్య రెండుచోట్లా రావడం యాదృచ్ఛికమే.) పేరుపొందిన లోవెల్ హైస్కూలు ప్రవేశ పద్ధతిని మార్చడం మరొక కారణం. ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇద్దరు తల్లిదండ్రులలో ఒకరు భారతీయ సంతతికి చెందిన శివ రాజ్, మరొకరు ఆటమ్ లూయెన్. బోర్డు సభ్యులు ముగ్గురు భారీ తేడాతో ఓడిపోయారు. మనకు పనికివచ్చే చిన్న వివరం ఒకటి ఉంది. ఆ నగర ఓటర్లు 2016లోనే ఒక తీర్మానం ద్వారా, పౌరసత్వం లేని తల్లిదండ్రులకు కూడా స్కూలు బోర్డు ఎన్నికలలో ఓటు ఇచ్చారు. పిల్లవాడు ఆ నగరంలో నివసిస్తున్నాడన్నది ముఖ్యమైన అర్హత.

ఈ హక్కు మంచిదేనని నేను కళ్ళు మూసుకొని చెప్పను. లిటిల్ రాక్‌లో అదే కత్తి మితవాదుల మీద కూడా దూసింది. కొద్ది ఓట్లు అటు పడి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. మన దేశంలో దీని ఉదాహరణలు లేకపోలేదు. జయప్రకాశ్ నారాయణ్‌గారు 1974 ఉద్యమకాలంలో శాసనసభ్యులను వెనక్కు పిలిచే హక్కును కోరారు. 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ముగ్గురు నగర పంచాయతీ అధ్యక్షులను ఓటర్లు దించివేశారు. ఇంకా దగ్గరగా, గోదావరి అవతల, ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టంలో రీకాల్ సెక్షను ఉంది. నీటి సంఘం అధ్యక్షుడు కాలువ నీళ్ళు సరిగా పంచకపోతే, పదవిలోకి వచ్చిన ఏడాది తరువాత, సభ్యులలో మూడవ వంతు మంది సంతకాలతో నోటీసు ఇవ్వవచ్చు. కాలువకు ఇచ్చిన ఆ హక్కును 2009లో దేశమంతటికీ చేసిన విద్యాహక్కు చట్టం బడికి ఇవ్వలేదు.

అయితే ఆ చట్టం ఇచ్చినది తక్కువ కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న దాని 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, పురపాలక పాఠశాలలలో పాఠశాల యాజమాన్య సంఘం ఉండాలి. మన జిల్లాలో అందరూ 'శాళా వ్యవస్థాపన్ సమితి' అంటారు కాబట్టి నేనూ అట్లాగే అంటాను. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు గాని, సంరక్షకులు గాని అయి ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు. అధ్యక్ష స్థానం తల్లిదండ్రులలోని వారిదే. ప్రధానోపాధ్యాయులు కార్యదర్శి పని చూస్తారు. రెండేళ్ళకొకసారి సమితిని తిరిగి ఏర్పరచాలి. నిజాం కాలంనుండి మన తాత ముత్తాతలకు దొరకని కుర్చీ ఇది. గడువుకు ముందు దించే సెక్షను లేదన్నమాట నిజమే గాని, రెండేళ్ళ గడువంటే అది పొడుగాటి కాలమేమీ కాదు. రెండవ ఏడు పాలక సభకు తల్లులు ఎంతమంది వస్తారన్నదే అసలు ప్రశ్న. ఎవరూ రాకపోతే పాత పేర్లే మళ్ళీ రిజిస్టరులోకి ఎక్కుతాయి.

అదే చట్టంలో మరొక వాక్యం ఉంది. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు సమితిలో వారి నిష్పత్తి ప్రకారం స్థానాలివ్వాలి. ఆ వర్గాల నిర్వచనం 2వ సెక్షనులో ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలతోపాటు సామాజిక, సాంస్కృతిక, ఆర్థిక, భౌగోళిక, భాషా కారణాలచేత వెనుకబడినవారు అని కూడా అక్కడ వ్రాసి ఉంది. అవును, భాషా కారణాలచేత! అయితే ఆ మాట దానంతట అది పనిచేయదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటన ద్వారా ఫలానా సమూహమని పేర్కొంటేనే దానికి ప్రాణం వస్తుంది. 29వ సెక్షనులో, ఆచరణసాధ్యమైనంతవరకు బోధన పిల్లవాని మాతృభాషలో ఉండాలన్న మాట కూడా ఉంది. ధర్మాబాదు, బిలోలి ప్రాంతాల జిల్లా పరిషత్తు బడులలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు ఈ రెండు సెక్షన్లనూ చేతిలో పెట్టుకొని సమితిలో కూర్చోవాలి.

ఇక మన సంఘాలు నడిపే బడుల సంగతికి వద్దాము. రాజ్యాంగం 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాక వర్గాలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాక వర్గమెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని తేల్చింది. ఆ విధంగా మహారాష్ట్రలో తెలుగువారికి ఈ హక్కు నిస్సందేహంగా వర్తిస్తుంది. ఖాంగీ బడుల మీద ఆంక్షలు పెట్టిన ప్రభుత్వాన్ని చూసిన జాతికి ఈ అధికరణం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కాని ఇది ఎవరికిచ్చిన హక్కు? 'నిర్వహించుకొనే' వర్గానికి. వర్గమంటే ఆచరణలో, రిజిస్టరైన సంఘం. సంఘమంటే దాని కార్యవర్గం. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, అల్పసంఖ్యాకుల పాఠశాలలలో యాజమాన్య సంఘం సలహాలు మాత్రమే ఇస్తుందన్నారు. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసి, ఆ చట్టమే అల్పసంఖ్యాకుల పాఠశాలలకు వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న, మహారాష్ట్ర నుండి వెళ్ళిన ఒక కేసులో, ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పును సందేహించి విస్తృత ధర్మాసనం పరిశీలనకు ప్రధాన న్యాయమూర్తి ముందు ఉంచారు. వారి సందేహాలు ఏమైనా, తీర్పు మారేవరకు అదే తీర్పు. దాని ఫలితం: సర్కారు జోక్యంనుండి మన బడిని కాపాడే గోడే, కార్యవర్గాన్ని తల్లిదండ్రుల ప్రశ్నలనుండి కూడా కాపాడుతున్నది.

మహారాష్ట్రలో ప్రైవేటు పాఠశాలల ఉద్యోగుల చట్టం 1977లో వచ్చింది. దాని నియమాలలో పాఠశాల కమిటీ కూర్పు ఉంది: యాజమాన్య ప్రతినిధులు నలుగురు, శాశ్వత ఉపాధ్యాయులలో వంతులవారీగా ఒకరు, కార్యదర్శిగా ప్రధానోపాధ్యాయులు. తల్లిదండ్రులు లేరు. ఉద్యోగం పోయిన ఉపాధ్యాయుడు ఆ చట్టం క్రింద స్కూల్ ట్రిబ్యునలుకు అప్పీలు చేసుకోవచ్చు. లిటిల్ రాక్ ఉపాధ్యాయులకు ఊరంతా ఓటు వేయవలసివచ్చిన పనిని ఇక్కడ ట్రిబ్యునలు చేయగలదు. అంతవరకు మనదే మెరుగైన ఏర్పాటు. కాని మంచి ఉపాధ్యాయుని పోగొట్టుకున్న పిల్లల తల్లిదండ్రులకు ఆ ట్రిబ్యునలులో స్థానం లేదు. ఫీజుల నియంత్రణకు 2011లో చేసిన చట్టం మాత్రం తల్లిదండ్రులను ఒక కార్యనిర్వాహక సమితిలో కూర్చోబెట్టింది, అదీ లాటరీ తీసి! ఆ సమితి ఫీజు గురించి మాట్లాడుతుంది. తెలుగు పంతులు ఖాళీ మూడేళ్ళుగా ఎందుకు నిండలేదని అడగడం దాని పని కాదు.

మరి తెలుగు సంఘపు బడిలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఉన్న దారి ఏది? సంఘంలోపలినుండే. ఇటువంటి సంఘాలు సాధారణంగా 1860 నాటి సొసైటీల చట్టం క్రింద, 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం క్రింద నమోదై ఉంటాయి. కార్యవర్గాన్ని సర్వసభ్య సభ ఎన్నుకుంటుంది. సభ్యుడెవరన్నది నియమావళి చెబుతుంది. తండ్రికో తల్లికో సభ్యత్వం తీసుకునే వీలు చాలా నియమావళులలో ఉంటుంది, తీసుకునేవారు తక్కువ. బడిలో చేర్చేటప్పుడు ప్రవేశ పత్రం నింపుతాము గాని, దానితోపాటు సంఘ సభ్యత్వ పత్రం అడగము. స్థాపకుల తరం గడిచాక, సభ్యత్వ పుస్తకంలో పిల్లలు బడిలో ఉన్నవారి పేర్లు ఒకటో రెండో మిగులుతాయి. ఆ పుస్తకమే మనకున్న ఓటర్ల జాబితా. లిటిల్ రాక్ గృహిణులు మొదట చేతిలోకి తీసుకున్నది ఓటర్ల జాబితానే అని మరచిపోకండి.

రెండవ దారి ధర్మాదాయ ఆయుక్తుల కార్యాలయం. ట్రస్టుల చట్టం 41డి సెక్షను ప్రకారం, లెక్కలు పదే పదే దాఖలు చేయని, నిధులు దుర్వినియోగం చేసిన, విధులను ఎడతెగక ఉపేక్షించిన ధర్మకర్తను విచారించి తొలగించే అధికారం ఆయుక్తులకు ఉంది. ధర్మకర్తలేగాక, ట్రస్టుతో సంబంధమున్న ఆసక్తిగల వ్యక్తి కూడా అర్జీ పెట్టవచ్చు. నింద మోపడం సులభం, రుజువు కష్టం. కోపంతో ఈ దారి ఎక్కవద్దని నా మనవి. కేసు ఏళ్ళతరబడి సాగితే నష్టపోయేది అదే బడిలోని పిల్లలు. అప్పటికే అంతంత మాత్రంగా ఉన్న తెలుగు తరగతి, పెద్దల వ్యాజ్యంలో మరింత చిక్కిపోతుంది.

అంతకంటే ముందు చేయదగిన సాదా పని ఒకటి ఉంది. కార్యవర్గం మారిన ప్రతిసారీ 22వ సెక్షను క్రింద చేంజ్ రిపోర్టు దాఖలు చేయాలి. అది ఆమోదం పొందాకనే ట్రస్టు రిజిస్టరులో కొత్త పేర్లు చేరుతాయి. ఆ రిజిస్టరు నకలును రుసుము చెల్లించి ఆ కార్యాలయంలో కోరవచ్చు. మీ బడిని నడిపే సంస్థ నమోదు సంఖ్య రసీదు పుస్తకం మీదనో, బడి ఉత్తరాల శీర్షిక మీదనో ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్యతో వెళ్ళి, రిజిస్టరులో ఈనాటికి ధర్మకర్తలుగా ఎవరి పేర్లున్నాయో, చివరి మార్పు ఏ సంవత్సరంలో నమోదైందో చూడండి. తరువాత సంఘ కార్యదర్శిని మర్యాదగా కలిసి నియమావళి ప్రతిని, సభ్యత్వ దరఖాస్తును అడగండి. వచ్చే సర్వసభ్య సభ తేదీని కూడా.